పెన్సిల్ సున్నాలో ఎలుక జీన్

2023 ఆగస్టు తొమ్మిది, బుధవారం. పొద్దున పదకొండు గంటలకు పోస్ట్‌మ్యాన్ సైదులు పోచంపల్లిలో నరహరి ఇంటికి వచ్చేసరికి నరహరి పెరట్లో పట్టుకు రంగు వేస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా ఎరుపు. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో నమూనాకని వేసిన ఒక చిలప పట్టుదారం. దాన్ని బయటికి తీయాల్సిన నిమిషం దగ్గర పడింది.

"నీకు కవరొచ్చింది," అన్నాడు సైదులు.

"చించి గూట్ల పెట్టు. నా చేతులు చూస్తున్నవ్ గదా."

సైదులు కవరు చించి, లోపలివి గోడ గూట్లో పెట్టి, ఖాళీ కవరును అరుగు మీద వదిలి తన దారిన పోయాడు. ఈ వరుసలో నరహరి ఒక్క పని చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అరుగు మీది కవరును తిప్పి చూడలేదు.

చిలప ఆరేశాక గూటి దగ్గరికి వెళ్లాడు. అందులో మడత పెట్టిన ఇంగ్లిష్ ఉత్తరం ఒకటి, ప్లాస్టిక్ సంచిలో అరచేతిలో సగమంత తెల్ల కాగితం ఒకటి ఉన్నాయి. కాగితం మందం. మీద పెన్సిల్‌తో రూపాయి బిళ్లంత సున్నా గీసి ఉంది. సున్నా కింద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక గీత, మూడు అంకెలు. సున్నా లోపల ఏమీ లేదు.

నరహరికి ఇందులో వింతేమీ కనపడలేదు. హైదరాబాద్‌లో చీరల షాపు నడిపే శ్రీలత మేడం ఎనిమిదేళ్లుగా ఆయనతో ఇట్లాగే పని చేయిస్తోంది. కొత్త రంగు కావాలంటే మందపు కాగితం మీద సున్నా గీసి, కింద నంబరు వేసి పోస్టులో పంపుతుంది. గిన్నెలోని రంగు ఒక చుక్క తీసి ఆ సున్నాలో వేసి, ఆరబెట్టి, నరహరి తిరిగి పంపుతాడు. ఆమె ఫోన్ చేసి సరే అన్నాకే పట్టంతా రంగులో మునుగుతుంది. పది రోజుల కింద ఆమె ఒక ఎరుపు అడిగింది. కాగితం పంపుతానంది. ఇదే ఆ కాగితం అనుకున్నాడు. ఉత్తరం చదవలేదు. ఇంగ్లిష్ అక్షరాలు ఆయనకు వస్తాయి, ఇంగ్లిష్ రాదు.

పుల్ల కొసతో చుక్క తీసి సున్నా నడుమ వదిలాడు. చుక్క పరుచుకుంటూ వెళ్లి పెన్సిల్ గీత దగ్గర ఆగింది. ఎంత చుక్క ఎంత దూరం పోతుందో ముప్పై ఏళ్లుగా ఈ పని చేసినవాడికి తెలుస్తుంది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఈ ఎరుపును మేడం కాదనదు అనుకున్నాడు.

పన్నెండు దాటి పది నిమిషాలకు కూతురు ఫోన్ చేసింది.

హారికకు ఇరవై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. తల్లి కడుపులో ఉన్న ఎలుక పిల్లకు కాళ్లు ఎక్కడ మొలవాలి, వేళ్లు ఎన్ని రావాలి అన్నది ఏ జీన్ చెబుతుందన్నది ఆమె పని. ఆ జీన్ జపాన్‌లో ఒక ల్యాబ్ దగ్గర ఉంది. అడిగిన ఏడు నెలలకు, పదకొండు సంతకాలయ్యాక పంపడానికి ఒప్పుకున్నారు. పోయినేడు ఇట్లాంటి కవరే ఒకటి ఆఫీసు టపాలో కలిసిపోయి దొరకలేదు గనక ఈసారి ఇంటి అడ్రసు ఇచ్చింది. ఆ సంగతి జూన్‌లోనే ఇంట్లో చెప్పింది.

"జపాన్ నుంచి ఎలుక జీన్ వస్తది. జర జాగ్రత్తగ తీసి పెట్టుండ్రి."

తల్లి ఆండాళు అప్పుడు ఆసు అనే మేకుల చట్రం మీద దారం పోస్తోంది. చెయ్యి ఆపింది. "ఎలుకదేదీ ఇంట్లకు తేవద్దు. మొన్ననే పడుగు కొరికినయి."

"ఎలుక రాదమ్మా. దాని జీన్ వస్తది."

"అదైనా సరే. డబ్బల పెట్టి, మూత పెట్టి, పెరట్ల పెడ్త."

అప్పటి నుంచి ఇంటిల్లిపాదీ డబ్బా కోసం ఎదురు చూస్తున్నారు. మంచు గడ్డల్లో పెట్టిన సీసా వస్తుందని నరహరి ఊహ.

"బాపు, కవరు ముట్టినట్టు ఫోన్ల చూపిస్తాంది. వచ్చిందా?" అంది హారిక.

నరహరి అరుగు మీదికి చూశాడు. కవరు అక్కడే ఉంది. ఫోన్ చెవికి పెట్టుకునే వెళ్లి దాన్ని తిప్పాడు. స్టాంపు మీద కొంగ. కొంగ పక్కన ఆయన చదవలేని రాత. అడ్రసులో పై వరుసలో హారిక పేరు, దాని కింద తన పేరు.

"వచ్చింది బిడ్డా."

"మీరు తెరవలే గదా?"

"నేనెందుకు తెరుస్త," అన్నాడు. అది అబద్ధం కాదనుకున్నాడు. తెరిచింది సైదులు.

"అండ్ల చిన్న కాగితం ఉంటది. పెన్సిల్‌తో సున్నా గీసి ఉంటది. ఆ సున్నలనే జీన్ ఉంటది బాపు. ఒక్క చుక్క నీళ్లల్ల కలిపి ఆడ వేసి ఆరబెట్టిండ్రు. కండ్లకు కనపడదు. ఎక్కడున్నదో తెల్వనీకె సున్నా. ఒట్టి చేతుల్తోని ముట్టొద్దు, తడి తగలొద్దు. నేను శనివారం వస్త. ముప్పై ఒకటి నాడు కమిటీ ఉంది. జీన్ చేతికొచ్చిందని చూపెడితేనే ఇంకో ఏడాది ఫెలోషిప్ ఇస్తరు. లేకుంటే నేను ఇంటికే."

"ఫికర్ చేయకు," అన్నాడు నరహరి. కాగితం ఆయన రెండో చేతిలోనే ఉంది. ఎరుపు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఫోన్ పెట్టేశాక అరుగు మీద కూర్చున్నాడు. తడి తగలొద్దంది. తడే కాదు, రంగూ, రంగు పట్టడానికి అందులో కలిపే పులుసూ తగిలాయి, అవీ మరుగుతున్నవి. నిజం చెబితే ఆ పిల్ల ఫోన్లోనే ఏడుస్తుంది. అయినా ఆయన ఆలోచన అక్కడ ఆగలేదు. చుక్క వేయక ముందు ఆ సున్నాను ఆయన కళ్లతో చూశాడు. ఏమీ లేదు. వేసినవాళ్లకూ కనపడదంట, తీసుకునేవాళ్లకూ కనపడదంట. ఉన్నదని కాగితం మీది రాతే చెప్పాలి. రాత ఎట్లాగూ తన చేతిలో పనే.

నరహరి ఏ డిజైన్‌నైనా ఒకసారి చూసి దింపుతాడు. అసలు చీర పక్కన ఆయన నేసిన చీర పెడితే పెట్టినవాళ్లే ఏది ఏదని అడుగుతారు.

పెట్టెలో శ్రీలత మేడం పంపిన పాత కాగితాలున్నాయి. మూడింటి అంచులు చింపి చూసి, మందం కలిసినదాన్ని తీశాడు. కత్తెరతో కొలతకు కోశాడు. పెన్సిల్ చెక్కి, మొనను గచ్చు మీద రాసి కాస్త మొద్దు చేశాడు, ఎందుకంటే అసలు రాతలో గీత మొద్దుగా ఉంది. జపాన్‌లో ఆ కాగితం రాసినవాళ్లు ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెడతారు. సున్నాను కింది నుంచి మొదలు పెట్టి కిందనే కలుపుతారు, కలిపిన చోట గీత కొంచెం దాటుతుంది. అవన్నీ దించాడు. మొదటిది నచ్చక పడేశాడు. రెండోది నచ్చింది.

ఆండాళు మజ్జిగ చెంబుతో వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని వంగి కూర్చున్న మొగుణ్ణి చూసింది.

"ఏం డిజైనయ్యా?"

"కొత్తది."

"ఒక్క సున్ననేనా?"

"ఒక్కటే."

"సున్న గీయనీకె గంట పట్టిందా? పోచంపల్లిల నీకు మొక్కాలె."

చెంబు పెట్టి వెళ్లిపోయింది. నరహరి కొత్త కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఉత్తరంతో కలిపి కవరులో దోపి, చినిగిన అంచుకు జిగురు రాశాడు. ఎర్ర కాగితాన్ని పారేయలేదు. వచ్చిన రంగును పారేయడం ఆయనకు చేతకాదు. వెనక తారీఖు, రంగు పాళ్లు రాసి, డిజైన్లు గీసుకునే గ్రాఫు పుస్తకంలో పెట్టాడు.

శనివారం హారిక వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని కవరు తెరిచింది. ఉత్తరం చదివింది. సంచిని వెలుతురుకు పట్టి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నరహరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"దీనికేనా ఏడు నెలలు పట్టింది?" అంది ఆండాళు. "సీస లేదు, డబ్బ లేదు. ఎలుక తోకన్న ఉంటదనుకున్న."

"అమ్మా, నువ్వు నెయ్యక ముందే దారానికి కట్లు కట్టి రంగుల ముంచుతవు గదా. ఆ కట్టును బట్టే పువ్వు ఏడ రావాల్నో ఆడ వస్తది. ఎలుక పిల్లకు ఈ జీన్ గట్ల. దీన్ని ఒక గుండ్రటి దారంల కలిపి పంపిన్రు. ప్లాస్మిడ్ అంటరు. దానికి కొసలుండయి."

"కొసల్లేని దారాన్ని ఆసు మీదికెట్ల ఎక్కిస్తరు?"

"ఎక్కియ్యరు. సూక్ష్మక్రిముల కడుపుల పెడ్తరు. అవి పెరిగిన కొద్దీ అదీ పెరుగుతది. మందు కలిపిన పళ్లెంల వాటిని వేస్తం. ఈ దారం ఉన్న క్రిమి బతుకుతది, లేనిది సస్తది. పొద్దుగాలకు పళ్లెంల తెల్ల చుక్కలు కనపడితే జీన్ వచ్చినట్టు."

కనపడనిదాన్ని కనపడేట్టు చేసే పళ్లెం ఒకటి ఉంటుందని నరహరి లెక్కలో లేదు.

"చుక్కలు రాకుంటే?" అన్నాడు.

"వస్తయి బాపు. రాకుంటె తప్పు వాళ్లదే."

అది విని ఆయనకు కాస్త ఊపిరి ఆడింది. హారిక మూడు గంటల బస్సుకు పోయింది.

సోమవారం ఆమె కాగితంలోంచి సున్నాను కత్తిరించి నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని క్రిములకు ఇచ్చింది. మంగళవారం జెండా పండుగ. ల్యాబ్‌లో ఆమె తప్ప ఎవరూ లేరు. పళ్లెం తీసి చూస్తే ఖాళీ. గురువారం మళ్లీ చేసింది. శుక్రవారం పళ్లెం మళ్లీ ఖాళీ. పక్కన పెట్టిన వేరే ప్లాస్మిడ్ పళ్లెంలో వందల చుక్కలున్నాయి. అంటే క్రిములు మంచివే, మందు మంచిదే, చెయ్యి మంచిదే. కాగితంలోనే ఏమీ లేదు.

ఇరవయ్యో తారీఖు ఆదివారం ఆమె ఇంటికి వచ్చింది. ఆండాళు అన్నం పెడితే కంచం ముందు కూర్చుని కలుపుతోంది తప్ప తినడం లేదు. నరహరి ఎదురుగా కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"మళ్ల పంపుతరట," అంది హారిక. "కానీ మళ్ల సంతకాలు, మళ్ల పర్మిషన్లు. ఆరు వారాలు. కమిటీ పదకొండు దినాలల్ల ఉంది."

"వాళ్ల తప్పుకు నిన్నెట్ల తీసేస్తరు?" అంది ఆండాళు.

"వాళ్ల తప్పని ఎట్ల చెప్పాలె? మా సారు వాళ్లకు గట్టిగ రాసిండు, మీ కాగితంల ఏం లేదని. కత్తిరించంగ మిగిలిన కాగితానికి ఫోటో తీసి పంపినం. జపాన్ ప్రొఫెసర్ మూడుసార్లు క్షమించమని రాసిండు. కాగితం తయారు చేసిన పిల్లను పిలిచి ఫోటో చూపెట్టిండట. ఆమె చూసి, గీ రాత నాదే, గీ ఏడు నాదే, నా చేతుల్తోనే చుక్క వేసిన, ఎట్ల పోయిందో తెల్వదని ఏడ్చిందట."

నరహరి ముఖాన్ని చెంబు వెనకకు తెచ్చుకున్నాడు. కానీ చెంబు చిన్నది.

ఆండాళు చూసింది. "ఎందుకు నవ్వుతున్నవ్?"

"నేనేడ నవ్విన?"

"పొరమారిందా మరి? ఆడ ఎవలదో బిడ్డ ఏడ్చిందంటె, ఈడ మన బిడ్డ తింటలేదంటె, నువ్వు మూతి ఇంత చేసినవ్. చీర చూసి ఇది అసలుదే అని ఎవలన్న అంటె గిట్లనే నవ్వుతవ్." అక్కడ ఆగింది. ఆమెకు ఏదో అందింది. "ఆ దినం గంట సేపు గీసిన సున్న ఏడిది?"

హారిక చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

నరహరి చెంబు కింద పెట్టి మొత్తం చెప్పాడు. సైదులు కవరు చించడం దగ్గర మొదలు పెట్టి జిగురు రాయడం దాకా, మధ్యలో ఏదీ వదలకుండా చెప్పాడు. చెప్పాక తల ఎత్తలేదు.

"బాపు," అంది హారిక. "ఆ పిల్ల రాతను గట్లనే దింపినవా?"

"అవును."

"ఏడు నడుమ గీతతో సహా?"

"గీతతో సహా."

"నీ కన్నబిడ్డ ఐదేండ్లు చదివితె, నువ్వు తెల్ల కాగితం చేతుల పెట్టి బస్సు ఎక్కిచ్చినవ్." ఆమె గొంతు పెరగలేదు. అందుకే నరహరికి ఎక్కువ భయమేసింది. "అసలుది కాలబెట్టినవా?"

"రంగు వచ్చిన కాగితం నేను ఎన్నడన్న కాలబెట్టిన్నా," అన్నాడు, ఆ మాటకు మాత్రం తల ఎత్తి.

గ్రాఫు పుస్తకం తెచ్చి కాగితం తీశాడు. హారిక ఎంగిలి చెయ్యి కడుక్కుని, తొడుగులు వేసుకుని పట్టుకుంది. సున్నా నిండా ఎరుపు. గీత పొడుగునా అంచు ముదురుగా ఉంది. తిప్పి చూస్తే వెనక తారీఖు, రంగు పాళ్లు. కూతురు తండ్రిని ప్రశ్నలడగడం మొదలు పెట్టింది. రంగు పేరేంటి. అందులో ఏ పులుసు వేశావు, ఎంత వేశావు. ఎంత వేడి మీద చుక్క తీశావు. తీశాక పుల్ల చేతిలో ఎంతసేపు ఉంది. ఎండలో ఆరిందా, నీడనా. నరహరి ఒక్కోదానికి లెక్కతో జవాబు చెప్పాడు. ఆమె అన్నీ రాసుకుంది.

"పోయినట్టేనా?" అన్నాడు చివరికి.

"తెల్వదు. పులుసుకు కొంత పాడైతది. కొంత మిగలొచ్చు. రంగును వేరు చేసే గొట్టం మా దగ్గర ఉంది. నడుమ ముక్క కోసి చూస్త."

నరహరి ఏదో అనబోయి ఆగాడు. తరవాత ఆగలేకపోయాడు. "నడుమ కోస్తే ఏం దొరకదు బిడ్డా."

"ఎందుకు?"

"ఆగు."

పెట్టెలోంచి అట్లాంటి కాగితమే తీసి, దాని మీద నీలి రంగు చుక్క వేసి ఎండలో పెట్టాడు. అది ఆరేదాకా ముగ్గురూ పెరట్లోనే నిలబడ్డారు. ఆరాక సరిగ్గా దాని నడుమ వేడి నీళ్ల చుక్క వదిలాడు. నీళ్లు పరుచుకున్నాయి. నీలం నడుమ నుంచి కదిలి, నీళ్ల వెంట అంచు దాకా వెళ్లి అక్కడ గీతలా నిలిచింది. నడుమ దాదాపు తెల్లబడింది.

"నీళ్లు ఏదున్నా అంచుకే నూకుతయి. నీ దారం గూడ నీళ్లల్ల కరిగేదే అంటివి. ఉంటే గింటే పెన్సిల్ గీత దగ్గర ఉంటది. గీతకు రెండు దిక్కులా కోయి."

హారిక నీలి కాగితాన్ని చాలాసేపు చూసింది. "నేను నడుమనే కోద్దును," అంది.

"మరి కోపం పోయిందా?"

"పోలే. కోపం వేరే, కోయడం వేరే." బ్యాగు సర్దుకుంటూ ఇంకో మాట అంది. "ఆ జపాన్ పిల్లకు ఉత్తరం రాయాలె. ఆమె తప్పు లేదని, నువ్వేం చేసినవో ఉన్నదున్నట్టు. తెలుగుల రాయి, నేను ఇంగ్లిష్ చేసి, నీ తెలుగు కాగితం గూడ ఫోటో తీసి పంపుత. మా సారుకు నేను చెప్పుకుంట."

"గెలికి ఎందుకు బిడ్డా? జీన్ వస్తే అంతా సల్లబడతది."

"రాకున్నా రాయాలె. వచ్చినా రాయాలె."

మంగళవారం పొద్దున ఎనిమిది గంటల నుంచి నరహరి ఆ ఉత్తరం ముందు కూర్చున్నాడు. ఆండాళు ఆసు దగ్గరి నుంచి కాపలా కాస్తోంది. మగ్గం ఎక్కుతానంటే ఎక్కనివ్వలేదు. మొదటి కాగితంలో సైదులు తప్పు ఎక్కువగా కనపడుతోందని ఆమె చదివి చింపింది. రెండోదాంట్లో తన చేతిపని గురించి ఆరు వరుసలున్నాయని చింపింది. మూడో కాగితం మీద "అమ్మా, నీ రాతను నేను దింపిన" అని రాసి, ఆ తరవాత ఏం రాయాలో తోచక పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. ఇతరుల రాత ఆయనకు గంటలో వచ్చింది. తన సొంత మాట రెండు గంటలైనా రావడం లేదు.

పదీ ఇరవైకి ఫోన్ మోగింది. నరహరి తీసి చెవికి పెట్టుకున్నాడు.

"బాపు, తొమ్మిది వచ్చినయి."

"ఏం తొమ్మిది?"

"తెల్ల చుక్కలు. అంచు ముక్కలవి. నడుమ ముక్కది వేరే పళ్లెంల పెట్టిన, అండ్ల ఒక్కటి గూడ రాలే."

"తొమ్మిదేనా?" అన్నాడు. వేరే పళ్లెంలో వందలు వచ్చాయని ఆదివారం ఆమె చెప్పిన మాట ఆయన మరచిపోలేదు.

"ఒక్కటి సాలు. ఆ ఒక్కదాన్ని పెంచుకుంటె ఎన్ని కావాల్నంటె అన్ని. రేపు పరీక్షకు పంపుత, అది జీనేనని కాగితం వస్తది. ముప్పై ఒకటికి టైముంది."

ఆండాళు దారం వదిలి వచ్చి ఫోన్ దగ్గర చెవి పెట్టింది. "ఏమంటాంది? వచ్చిందా?"

"వచ్చిందంట," అన్నాడు నరహరి. కండువా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ బల్ల మీది కాగితాన్ని గ్రాఫు పుస్తకం కిందికి మెల్లగా జరిపాడు. "మంచిది బిడ్డా. అంతా మంచిగనే అయింది. ఇగ ఆ పిల్లను ఊకె పరేషాన్ చేసుడెందుకు? చక్కగ..."

"ఎన్ని వరుసలైనయి బాపు?"

నరహరి ఆండాళు వైపు చూశాడు. ఆమె పుస్తకం కింది కాగితాన్ని తీసి మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఒకటి," అన్నాడు.

"రాయి," అంది హారిక. "నేను లైన్ల ఉంట."

నరహరి ఫోన్‌ను బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి, రెండో వరుస మొదలు పెట్టాడు.